బందరు ఇంటి నల్లరాయి

నా చిన్నప్పుడు మేము అశోక్‌నగర్‌లో ఉండేవాళ్ళం. చిక్కడపల్లి మీదుగా మెట్రో స్తంభాలు ఇంకా లేవలేదు. మా వీధి నిండా పోటీ పరీక్షలకు చదివే అన్నలూ అక్కలే. ఏ మేడమీద చూసినా ఒక రేకుల గదీ, తీగ మీద ఆరేసిన తువ్వాళ్ళూ, పిట్టగోడకు ఆనుకుని పుస్తకంలో తలదూర్చిన ఒక మనిషీ కనిపించేవారు. మా మేడమీది గదిలో నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక అక్క కిరాయికి ఉండేది. చరిత్రలో ఎమ్మే చేసి గ్రూప్స్ పరీక్షకు తయారవుతుండేది. నేనప్పుడు ఆరో తరగతి. ఆ ఏడాది బళ్ళో విన్న పాఠాలు చాలామటుకు మరిచిపోయాను గానీ, ఆ అక్క దగ్గర నేర్చుకున్నది మాత్రం మరవలేదు.

మా నాన్నమ్మది బందరు. కాగితాల మీద మచిలీపట్నం అని ఉంటుంది గానీ, ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళ నోట ఆ పేరు రాదు. ఒకప్పుడు డచ్చివాళ్ళూ, ఫ్రెంచివాళ్ళూ, ఇంగ్లీషువాళ్ళూ వరసగా ఓడలు దింపి వ్యాపారాలు చేసిన రేవు అది. నాన్నమ్మకు ఆ చరిత్రంతా తెలియదు. ఐదో తరగతితో ఆవిడ చదువు మాన్పించేశారు. కానీ నాకు అన్నం కలిపి పెడుతూ ఒక్క సంగతి మాత్రం పదే పదే చెప్పేది. వాళ్ళ పుట్టింటి పెరట్లో నూతి పక్కన ఒక పెద్ద నల్లరాయి ఉండేదట. దాని మీద తెరచాపలెత్తిన ఓడ చెక్కి ఉండేదట. ఓడ కింద మనవి కాని అక్షరాలు. తాను నీళ్ళు తోడి బిందెను రాయి మీద పెట్టేటప్పుడు ఓడ బొమ్మకు తగలకుండా పక్కకు జరిపి పెట్టేదట. "ఓడ మునిగిపోతుందేమోనని నా భయం" అని నవ్వేది. ఆ కథ వింటే నాకు మా వంటింట్లోకే సముద్రం వచ్చినట్టుండేది.

నారాయణగూడలో నాన్నమ్మ చెల్లెలు ఉండేవారు. మేము చిన్న నాన్నమ్మ అనేవాళ్ళం. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. మాట కచ్చితం, మనిషి కచ్చితం. కూరగాయలవాడు పొరపాటున ఒక రూపాయి ఎక్కువిస్తే ఎండలో వెనక్కి నడిచి వెళ్ళి ఇచ్చే రకం. ఆవిడకూ నాన్నమ్మకూ తొమ్మిదేళ్ళ తేడా. ఒకసారి చుట్టాలింట్లో ఒడుగు జరిగితే, భోజనాల దగ్గర నాన్నమ్మ ఎవరికో నల్లరాయి సంగతి చెబుతోంది. ఎదురు వరసలో కూర్చున్న చిన్న నాన్నమ్మ పకపకా నవ్వేశారు.

"ఆ ఇంట్లోనే పుట్టి పెళ్ళయ్యేదాకా ఆ పెరట్లోనే తిరిగినదాన్ని. నూతి పక్కన ఓడా లేదు, రాయీ లేదు. అక్కయ్యకి చిన్నప్పటినుంచీ కథలు కట్టడం అలవాటు."

వరస మొత్తం నవ్వింది. నాన్నమ్మ విస్తట్లో పెరుగన్నం అలాగే వదిలి లేచింది. ఆ రోజు నుంచి అక్కచెల్లెళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ నడిచి వెళ్ళే దూరమే. ఆ కాస్త దూరమే ఎంతో దూరమైపోయి, దసరాకు ఈవిడ వెళ్ళలేదు, దీపావళికి ఆవిడ రాలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ చలికాలంలో నాన్నమ్మ ఒకసారి పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. గిన్నె మాడింది, అంతే. ఎవరింట్లో జరగదు? కానీ నాన్న ముఖం గంభీరంగా పెట్టి, "అమ్మకి మతిమరుపు మొదలైంది. లేనివి కూడా ఉన్నట్టు చెబుతోంది, ఆ రాయి చూడలేదూ" అన్నారు. నాన్నమ్మను పొయ్యి దగ్గరికి రావద్దన్నారు. తర్వాత ఆవిడ ఏం చెప్పినా ఇంట్లో అందరూ ఒకలా తలూపడం, ఒకరినొకరు చూసుకోవడం. నాన్నమ్మకు అది అర్థం కాకుండా ఉంటుందా? కథలు చెప్పడం మానేసింది. మంచం మీద కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉండేది.

ఒకరోజు నేను జడ వేయించుకుంటుంటే, నా తలవెనక నుంచి మెల్లగా అడిగింది. "ఏమే, ఆ రాయి నిజంగానే లేదేమోనే?"

సగం జడతో మేడమీదికి పరిగెత్తాను.

మేడమీది అక్క చదువుతున్న పుస్తకం బోర్లా పెట్టి, నేను చెప్పిందంతా విన్నది.

"మీ నానమ్మ అబద్ధం చెప్తదా?"

"చెప్పదు."

"మరి మీ చిన్న నానమ్మ?"

కూరగాయలవాడి రూపాయి గుర్తొచ్చింది. "ఆవిడా చెప్పదు."

"ఇద్దరు అబద్ధం చెప్పకపాయె, ఇద్దరి మాట కలవకపాయె. గట్లయితే ఎవరిది నిజమని అడగొద్దు పాపా. ఎవరు ఎప్పుడు చూసిన్రు, ఎక్కడ నిలబడి చూసిన్రు, గా సంగతి అడగాలె. మా చదువంత గంతే."

ఆ సంవత్సరాల్లో నెలకోసారైనా బంద్ ఉండేది. మర్నాడు కూడా బంద్. నాకు బడి లేదు, అక్కకు కోచింగ్ లేదు. ఇండియా పటాలు దిద్దుకోవడానికి అక్క దగ్గర పల్చటి తెల్ల కాగితాలు ఉండేవి. వాటిలో ఒకటి, పెన్సిలూ పట్టుకుని కిందికి దిగి నాన్నమ్మ మంచం పక్కన కూర్చుంది.

"అమ్మమ్మా, నాకు పటాలు గీసుడు సరిగ వస్తలేదు. మీ బందర్ ఇల్లు జర గీసి చూపిస్తవా? చూసి నేర్చుకుంట."

"నాకు మతి పోయిందంటున్నారు కదమ్మా, నన్నడుగుతావేం?"

"నాకైతే ఎవరు చెప్పలే."

నాన్నమ్మ పెన్సిలు అందుకుంది. మొదటి గీత వంకరపోయింది. ముందు గేటు గీసింది, తర్వాత అరుగు, దాని పక్కన సందు. సందు చివర పెరడు వచ్చేసరికి చెయ్యి నిలకడగా నడిచింది. అక్క నల్లరాయి పేరు ఎత్తనే లేదు. నన్నూ ఎత్తనివ్వలేదు. "ఇంకేముండె?" అన్న ఒక్క ప్రశ్నే అడుగుతూ పోయింది. నాన్నమ్మ తనంతట తానే చెప్పింది. నూతి పక్కన పొడుగాటి చదరం గీసి, "దీని మీద నేనూ, ఎదురింటి పిల్లలిద్దరూ, ముగ్గురాడపిల్లలం వరసగా కూర్చునేవాళ్ళం. ఎవరో లేదన్నారు గానీ, గీయమన్నావు గనక గీస్తున్నాను" అంది.

అక్క దాన్ని మడిచి దాచుకుంటూ, "మా పుస్తకాలల్ల గోల్కొండ బట్టలన్ని మీ బందర్‌ల ఓడలెక్కినయని రాసిన్రు అమ్మమ్మా. అప్పుడది గోల్కొండ రేవే" అంది. నాన్నమ్మ ముఖం వెలిగింది. "అయితే నువ్వూ నేనూ ఎప్పటి నుంచో ఒకే రాజ్యం వాళ్ళమన్నమాట" అంది. చాలా రోజుల తర్వాత ఆవిడ నవ్వడం చూశాను.

ఆదివారం ఇద్దరం నారాయణగూడ వెళ్ళాం. చిన్న నాన్నమ్మ దగ్గరా అదే మాయమాట. ఆవిడ టీచరు కదా, పటం నేర్చుకోవడానికి వచ్చిన పిల్లను కాదనలేదు. స్కేలు తెప్పించుకుని, అడుగుల లెక్కన కొలత వేసి మరీ గీశారు. పెరటి గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం పెన్సిలు ఆపి కాస్త మెత్తబడ్డారు. "ఇక్కడ మెట్టు ఉండేది. నున్నటి నల్లరాయి. నేనూ, పక్కింటి పిల్లలిద్దరూ దాని మీద కూర్చుని గవ్వలాడేవాళ్ళం. ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేది" అన్నారు. నూతి పక్కన ఆవిడ గీసింది సిమెంటు గచ్చు. అంతే.

ఇంటికి వచ్చాక అక్క రెండు కాగితాలూ నా చేతిలో పెట్టింది. తాను చెప్పననీ, నన్నే చూడమనీ అంది. గది కిటికీ అద్దానికి రెంటినీ ఒకదాని మీద ఒకటి ఆనించాను. నాన్నమ్మ గీతలు వంకర, చిన్న నాన్నమ్మవి తిన్నన. అయినా గేటు మీద గేటు, అరుగు మీద అరుగు, నూతి మీద నూయి, బాదం చెట్టు మీద బాదం చెట్టు వచ్చి కూర్చున్నాయి. కలవనివి రెండే. నాన్నమ్మ కాగితంలో నూతి పక్కన చదరం ఉంది, గుమ్మం దగ్గర మెట్టు లేదు. చిన్న నాన్నమ్మ కాగితంలో గుమ్మం దగ్గర మెట్టుంది, నూతి పక్కన చదరం లేదు.

ముగ్గురాడపిల్లలు కూర్చునే రాయి. గవ్వలాడే ముగ్గురు పిల్లలు కూర్చునే మెట్టు. రెండూ నల్లవే.

"అక్కా, ఇది అదే రాయి!"

"రాయికి కాళ్ళుంటయా?"

"ఎవరో జరిపారు. నూతి దగ్గర గచ్చు వేసినప్పుడు తీసుకెళ్ళి మెట్టు చేశారు."

"మంచిది. మరి బొమ్మ ఏమాయె? మెట్టు నున్నగున్నదంటున్నరు కదా మీ చిన్న నానమ్మ."

అక్కడ ఆగిపోయాను. ఎంతసేపు ఆలోచించినా తోచలేదు. అంతలో పైకాగితం జారి నేల మీద పడింది. వంగి తీసి చూస్తే ఏమీ లేదు, ఖాళీ. గీతలు అటువైపు ఉన్నాయి. నేను వెనకవైపు పట్టుకున్నాను.

"బోర్లించారు!" అని అరిచాను. కింద వంటింట్లోంచి అమ్మ ఏమైందని పిలిచేంత గట్టిగా అరిచాను.

ముందు నాన్నమ్మ దగ్గరికి వెళ్ళి, ఆ రాయి ఎప్పటి దాకా ఉందని అడిగాను. ఆవిడకు బాగా గుర్తే. పెళ్ళయి వెళ్ళేటప్పుడు ఉంది. నాన్నను కనడానికి పుట్టింటికి వస్తే లేదు. నూతి చుట్టూ కొత్త గచ్చు. రాయేదమ్మా అంటే, మీ నాన్నగారు తీయించేశారే అందట వాళ్ళమ్మ. చంటిపిల్లాడితో అంతకు మించి అడిగే తీరిక లేకపోయింది.

తర్వాత చిన్న నాన్నమ్మ దగ్గరికి అక్క నన్నొక్కదాన్నే పంపింది. "నువ్వు కనిపెట్టింది నువ్వే చెప్పాలె" అంది. రెండు కాగితాలూ కిటికీకి ఆనించి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. ఆ రాయి గుమ్మం దగ్గరికి రాకముందు ఎక్కడుండేదని అడిగాను. తిడతారేమోననుకున్నాను. ఆవిడ మెల్లగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు అన్నారు. "ఆ మెట్టు మీద నేనెన్నేళ్ళు కూర్చున్నానో. దాని కిందివైపు మాత్రం ఒక్కసారీ చూడలేదు."

గొడుగు తీసుకుని, చెప్పులు వేసుకుని, నాతో బయలుదేరారు. నాన్నమ్మ మంచం ముందు నిలబడి గొడుగు మూసి అన్నారు:

"అక్కయ్యా, బందరు వెళ్దాం పద. ఆ మెట్టు తిప్పి చూద్దాం. ఓడ ఉంటే, నలుగురిలో నవ్వినదాన్ని నలుగురిలోనే ఒప్పుకుంటాను."

"లేకపోతే?" అంది నాన్నమ్మ.

నాన్నమ్మ నావైపు చూసింది. ఓడ లేకపోతే తనకు మతిపోయిందన్న మాటే నిజమైపోతుందని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. వద్దంటుందేమో అనుకున్నాను. దుప్పటి పక్కకు నెట్టి లేచి, "రైలు ఎప్పుడు?" అంది.

నాన్న గొణుక్కుంటూనే టికెట్లు తీశారు. అక్క సముద్రం ఎప్పుడూ చూడలేదంటే ఆమెనూ తీసుకెళ్ళాం. తెల్లవారి బందరులో దిగితే, అక్కచెల్లెళ్ళిద్దరికీ ఊరు ఆనవాలు దొరకలేదు. బాదం చెట్టు లేదు. వీధి మొదట్లో సెల్‌ఫోన్ దుకాణం. కాలువ వైపు నుంచి నాన్నమ్మ దారి చెబితే సగం కుదిరింది, బజారు వైపు నుంచి చిన్న నాన్నమ్మ చెబితే మిగతా సగం కుదిరింది. ఇద్దరూ వాదించుకుంటూనే ఒకే గేటు ముందు ఆగారు.

ఇంటి ముందు భాగం కూల్చి డాబా వేశారు. నా ప్రాణం ఉసూరుమంది. కానీ వెనక పెంకుటిల్లు అలాగే ఉందని, ఇప్పుడా ఇల్లు కొనుక్కుని ఉంటున్న ఇంటాయన చెప్పాడు. మెట్టు తిప్పుతామనగానే మాత్రం ఆయన ముఖం మారిపోయింది. ఇల్లు మాదంటూ వచ్చారేమో, రాయి కింద ఏమైనా పాతిపెట్టారేమో అని అనుమానం. గోడ మీంచి పక్కింటివాళ్ళు తొంగిచూడడం మొదలైంది. అప్పుడు చిన్న నాన్నమ్మ ముందుకు వచ్చారు.

"బాబూ, మాకు రాయి వద్దు, దాని కింద ఉన్నదీ వద్దు. ఒక్కసారి తిప్పి చూసి, మళ్ళీ మా చేత్తో పెట్టించి వెళ్తాం. మా అక్కయ్య అబద్ధం చెప్పలేదని తెలియాలి. అంతే."

ఆ మాటకు ఆయన ఇల్లాలు కొంగు బిగించి, పెరటి తలుపు తెరిచింది. మెట్టు ఉంది. చిన్న నాన్నమ్మ చెప్పినట్టే నున్నగా, నల్లగా, మధ్యలో అడుగుల అరుగుదలతో. నాన్నా, ఆ ఇంటాయనా గునపం దూర్చి ఎత్తారు. అక్క చెయ్యేసింది. నేనూ వేశాను. రాయి కదిలింది, నిలబడింది, గోడకు ఆనింది.

మట్టి. గట్టిగా పేరుకున్న మట్టి, చీమల పుట్ట, వేళ్ళ పోగులు. ఇంకేమీ లేదు. నాన్న నావైపు జాలిగా చూడడం తెలుస్తోంది.

నాన్నమ్మ ఎవరినీ చూడలేదు. చెంబుడు నీళ్ళు అడిగి తెప్పించుకుని, రాయి మీద పోసి, కొంగుతో రుద్దింది. మళ్ళీ పోసింది. చారలు చారలుగా మట్టి జారింది. ముందు ఒక తాడు కనబడింది, ఆపైన ఒక కర్ర, దాని మీద ఉబ్బిన తెరచాప. నాన్నమ్మ వేలు ఎటు పోతే అటు ఓడ బయటికి వస్తోంది. చూసి రుద్దుతున్నట్టు లేదు, తెలిసి రుద్దుతున్నట్టుంది. ఓడ కింద అక్షరాలు నీళ్ళకు తళుక్కుమన్నాయి. గోడమీది జనం ఒక్కసారిగా కేక వేశారు. అక్క నన్ను ఎత్తుకుని గిర్రున తిప్పింది. నేను ఎత్తుకునే వయసు దాటిపోయానన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

చిన్న నాన్నమ్మ మాత్రం వంగి ఆ అక్షరాలనే చూస్తూ అన్నారు.

"నాన్నగారు దీన్ని పరిపిస్తుంటే నేను పక్కనే ఉన్నాను అక్కయ్యా. నాకప్పుడు ఐదేళ్ళుంటాయేమో. పనివాళ్ళతో అన్నారు, ఏ భాషదైనా అక్షరం అక్షరమేరా, కాలు పడకూడదు, కిందికి పెట్టండీ అని. నా పలకను తొక్కానని నన్నే అంటున్నారనుకుని ఏడ్చాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను."

నాన్నమ్మ తడిచేత్తో చెల్లెలి చెయ్యి పట్టుకుని ఓడ మీద పెట్టింది. "నేను వీణ్ణెత్తుకుని దీని మీదుగానే ఇంట్లోకి వెళ్ళానే. కాలి కిందుంటే కనుక్కోలేకపోయాను" అని నాన్నను చూపించింది. నాన్న తల దించుకుని, రుమాలుతో రాయి అంచులు తుడవడం మొదలుపెట్టారు.

ఆ రాయిని మళ్ళీ మెట్టు చేయడానికి ఇంటావిడ ఒప్పుకోలేదు. గోడకు అలాగే నిలబెట్టించింది. తర్వాత అక్క తీసిన ఫొటోలు చూసి ఆమె చదువుకున్న కాలేజీలోని ఒక లెక్చరర్, అవి డచ్చి అక్షరాలనీ, ఏదో సరుకుల గిడ్డంగి గుమ్మం మీద పెట్టిన రాయి కావచ్చనీ చెప్పారు. ఆ పెరట్లోకి ఎలా వచ్చిందో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ రోజు సాయంత్రం అక్కను సముద్రం దగ్గరికి తీసుకెళ్ళాం. ఆమె మోకాళ్ళ దాకా దిగి, "ఏంది అమ్మమ్మా, గింత పెద్దగుంటదని చెప్పనే లేదు!" అని అరుస్తుంటే, అక్కచెల్లెళ్ళిద్దరూ ఒడ్డున కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

తిరుగు రైల్లో నాన్న, నాన్నమ్మ బెర్తు అంచున కూర్చుని, "ఇంకేముండేవమ్మా ఆ ఇంట్లో?" అని అడిగారు. బెజవాడ దాటినా ఆవిడ చెబుతూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నారు. మర్నాటి నుంచి పొయ్యి మళ్ళీ నాన్నమ్మదే. చిన్న నాన్నమ్మ అన్నమాట నిలబెట్టుకున్నారు. ఆపై వచ్చిన పెళ్ళిలో, పంక్తి మధ్యలో లేచి నిలబడి, క్లాసులో చెప్పినట్టు మొత్తం చెప్పారు. ఈసారీ వరస నవ్వింది గానీ, అది వేరే నవ్వు.

ఆ తర్వాత మా మేడమీద ఆదివారాలు భలే సందడిగా గడిచాయి. సంగతి విని చిక్కడపల్లి, హిమాయత్‌నగర్ వైపు బందరు వాళ్ళు వచ్చేవారు. అక్క ఒక్కొక్కరి చేతికీ పెన్సిలిచ్చి "ఇంకేముండె?" అనేది. ఇంటి పక్కన ఇల్లు చేరింది, సందు పక్కన సందు చేరింది. చివరికి గోడంత వీధి పటం తయారైంది. అందులో ఎవరికీ పూర్తిగా తెలిసిన వీధి లేదు, ఎవరికీ తెలియని ఇల్లూ లేదు. కొన్నాళ్ళకు అక్కకు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. మా వీధిలో ఆమె పెట్టెలు ఆటో ఎక్కిస్తుంటే నాన్నమ్మ ఆమె నుదుటిన బొట్టు పెట్టి, ఎక్కడికి వెళ్ళినా మన రాజ్యమేనమ్మా అంది.

ఇప్పుడు నేను టీచర్ని. పిల్లలు రోజూ ఇద్దరిద్దరుగా వస్తారు. వీడిలా అన్నాడని ఒకడు, అనలేదని ఇంకొకడు. ఇంట్లో పెద్దవాళ్ళ మధ్యా అలాంటివే వస్తాయి. ఎవరు అబద్ధమాడారో తేల్చమని అందరూ నా ముఖం చూస్తారు. నేను తేల్చను. నువ్వెక్కడున్నావు, అప్పుడేం జరుగుతోంది, ఇంకేముంది అక్కడ అని ఒక్కొక్కరినీ విడివిడిగా అడుగుతాను. చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ఇక ముసలివాళ్ళెవరైనా, లోకం నవ్వే సంగతి ఏదైనా చెబితే, ముందు నమ్ముతాను. వెతకడం ఆ తర్వాత.